జెండా పట్టినవాడు

నేరేడ్‌మెట్‌లో మా పక్కింటి సుబేదారుగారు రిటైరయ్యాక కూడా ప్రతి ఆదివారం యుద్ధం చేసేవారు. భోజనాల బల్ల మీద బొటనవేలంత సీసపు సైనికులు, రెండు పాచికలు, ఎదురుగా నేను. గుమాస్తా బుద్ధి కదా, మొదటిరోజే దెబ్బతిన్న దళం పక్కన 'బెదిరినది' అని చీటీ రాసి పెట్టాను.

"ఏందయ్యా గిది, ఆఫీసా? సిపాయిని జూస్తే ఎర్కగావాలె" అంటూ చీటీ తీసేసి, ఇద్దరు సైనికులను వెనక్కి తిప్పారు. ఒకడు తిరిగితే దళం అలసినట్టు, ఇద్దరైతే బెదిరినట్టు. జెండా పట్టినవాడే తిరిగితే పారిపోతున్నట్టు.

ఏడాదిపాటు నా జెండావాడు శత్రువును వదిలేసి నన్నే చూస్తూ గడిపాడు. ఒక్కసారైనా గెలవాలని నాకు ఒకటే ఆరాటం.

ఆ ఆదివారం బల్ల మీది బొమ్మ వంతెన దగ్గర నాకు రెండు ఆర్లు పడ్డాయి! ఆయన దళంలో ఒకడు తిరిగాడు. మళ్లీ వేశాను. రెండోవాడు! కుర్చీలోంచి లేచిపోయాను. మూడోసారి పాచికలు ఆగాక, ఆయన తన జెండావాణ్ణి తన వేలితోనే మెల్లగా తిప్పారు.

"గెలిచానా సార్?" అని అరిచాను.

ఆయన లేచి, తన కుర్చీని గోడవైపు తిప్పి, నాకు వీపు పెట్టి కూర్చున్నారు.

"ఇంక చీటీ సుత రాసియ్యాల్నా?"