అడుగు తిప్పి చూసే అంకుల్

అమెరికాలోని అల్ఫారెట్టాలో అంకుల్ ఇంటి డైనింగ్ టేబుల్ మీద ఆ ఆదివారం ఉన్నవి: ఒక భూతద్దం, ఒక రిజిస్టర్, ఒక పాత అమెరికన్ వెండి టీపాట్. చుట్టూ ఉన్నవాళ్ళు: అంకుల్, నేను, టీపాట్ తెచ్చిన పక్కింటి అమెరికన్ ముసలావిడ. ఆవిడ చేతిలో ఒక అట్టముక్క. ‘మా ముత్తాత స్వహస్తాలతో చేసినది’ అని దాని మీద ఇంగ్లిష్‌లో రాసుకొచ్చింది. మర్నాడు ఊరి లైబ్రరీ ప్రదర్శనలో పెట్టాలి.

అంకుల్ రిటైరైన మెటలర్జిస్ట్. ఏ వస్తువునైనా బోర్లించి అడుగు చూడటం ఆయన అలవాటు. మా ఇంట్లో కాఫీ గ్లాసును కూడా తాగాక తిప్పి చూసేవారు. పాత వెండి సామాను ఎవరు చేశారు, ఎవరు అమ్మారు అన్నదే ఆయన పరిశోధన.

టీపాట్ బోర్లించారు. అడుగున ముత్తాత పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. పిడి కింద చిన్నగా ఒక ఫ్యాక్టరీ ముద్ర ఉంది.

“ఈయన చెయ్యలేదు బాబూ, అమ్మాడంతే. షాపు పేరు కొట్టించుకున్నాడు. ఆవిడకి చెప్పు.”

“మీరే చెప్పండి అంకుల్.” ఆయనకి నాకంటే మంచి ఇంగ్లిష్ వచ్చు.

“నువ్వే చెప్పు. నేను ఆవిడ మొహం చూడాలి.”

చెప్పాను. ఆవిడ, పోనీ పిడి అయినా ఆయన చేసి ఉంటాడా అని అడిగింది.

అంకుల్ పకపకా నవ్వారు. “మూత మీది బొడిపె కూడా కాదని చెప్పు.”

అదీ చెప్పాను, ఒక్క మాట తగ్గించకుండా. ఆవిడ అట్టముక్కను మడిచి టీపాట్‌లో వేసి మూత పెట్టింది. అంకుల్ అప్పటికే ఆవిడ వైపు చూడటం మానేశారు. ఆ ముత్తాత పేరు ఇంతవరకూ ఏ పుస్తకంలోనూ లేదట. రిజిస్టర్ తెరిచి, అమ్మినవాళ్ళ పేజీలో ఉత్సాహంగా రాసుకున్నారు.

వరస సంఖ్య నాలుగు వందల పదమూడు.