వాయవ్యానికి మారిన హీటర్

మణికొండలో మేముండే అపార్ట్‌మెంట్ల ఈతకొలను బాగోగులు చూసేది బోరబండ మొగులయ్య. ఉడుకునీటి ఊటలున్న ఊళ్లు చాలా తిరిగాను గాని, నీళ్లు వెచ్చబడాలని ఇంతగా తపించిన మనిషిని ఇంకెక్కడా చూడలేదు. అందుకు కారణం మా పక్కింటి పుణ్యవతిగారు. పక్షవాతం వచ్చాక ఆవిడ కుడికాలు గోరువెచ్చని నీళ్లలోనే కాస్త కదిలేది.

ఆ చలికాలం నీళ్లు వేడెక్కడం మానేశాయి. మొగులయ్య ఫిల్టర్ కడిగాడు, పంపు విప్పి చూశాడు. నీళ్లు హీటర్లోకి సరిగ్గానే పోతున్నాయి. కొలను మాత్రం చల్లగానే ఉంది.

“కాలు మళ్లీ కొయ్యబారుతోందయ్యా,” అన్నారు పుణ్యవతిగారు. “నీ హీటరుకి కూడా పక్షవాతం వచ్చినట్టుంది!”

మొగులయ్య నవ్వలేదు. హీటరు ముందు కూర్చొని, ఫ్యాను వదిలే గాలికి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చల్లగాలి ఎదురుగోడకు తగిలి తిరిగి హీటర్లోకే పోతోంది. అది నిప్పుతో నడిచేది కాదు. బయటి గాలిలోని వేడిని లాగి నీళ్లకిచ్చి, చల్లబడ్డ గాలిని బయటికి వదులుతుంది. దసరాకు దాన్ని ఆగ్నేయ మూలకు, రెండు గోడల సందులోకి జరిపింది మొగులయ్యే.

“నిప్పు ఆగ్నేయంల ఉంటే మీకు మంచిగైతదనుకున్ననమ్మా,” అన్నాడు తల దించుకుని. “దాని ఊపిరి నేనే ఆపిన.”

“గాలికీ ఓ మూలుందిగా, వాయవ్యం. అక్కడ పెట్టు మరి.”

వాయవ్యంలో గోడలు లేవు. హీటరును అక్కడికి మార్చాక నీళ్లు మెల్లగా వెచ్చబడ్డాయి. పుణ్యవతిగారు కమ్మీ పట్టుకుని మెట్లు దిగారు. మొగులయ్య ఆవిడ ముఖం చూడలేక, నీళ్లలోని ఆ కాలినే చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపటికి బొటనవేలు కదిలింది.