నల్ల అంచు పుస్తకం

మామ్మ మీద మా ఇంట్లో ఒక కథ ఉంది. నలభై ఏళ్లుగా దాన్ని చెబుతున్నది నేనే. కడుపుబ్బ నవ్విస్తానని చుట్టాల్లో నాకు పేరు కూడా.

నేను మూడో తరగతిలో ఉండగా ప్రధానమంత్రిని కాల్చి చంపారు. ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా అయిన మా నాన్నగారు రేడియో ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చారు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు. తర్వాత కొన్నాళ్లకు ఒక పత్రికవాళ్లు వేసిన స్మారక గ్రంథం తెప్పించుకున్నారు. అట్ట చుట్టూ నల్ల అంచు, లోపలంతా ఫోటోలు: అంతిమయాత్ర, చితి, గుండెలు బాదుకుంటున్న జనం. చేతులు కడుక్కోకుండా ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. నెల తిరక్కుండానే ఆ పుస్తకం మాయమైంది.

"నేనే చింపి కాలవలో పారేశానురా," అంది మామ్మ నాన్నగారితో.

మావైపు పెద్దకర్మ కార్డు వస్తే గుమ్మంలోనే చదివి చింపేస్తాం, ఇంట్లో ఉంచుకోం. చదువురాని మామ్మ నల్ల అంచు చూసి ఇదీ అలాంటిదే అనుకుందట. నాన్నగారు వీధిలో నలుగురూ వింటుండగా "బుర్రలేని మనిషి" అని ఆవిణ్ణి తిట్టిపోశారు. మామ్మ పోయేదాకా మళ్లీ ఆవిడ చేతికి ఒక్క కాగితం ఇవ్వలేదు. కరెంటు బిల్లు కూడా ఆవిడకందనంత ఎత్తులో పెట్టేవారు. ఇదీ కథ. కరెంటు బిల్లు దగ్గరకొచ్చేసరికి అందరూ పడీపడీ నవ్వుతారు.

ఇప్పుడా పుస్తకం కోసం పాతవి పోగేసేవాళ్లు తెగ వెతుకుతున్నారు. నాన్నగారికి ఎనభై దాటాయి. ఆయన చేతిలో ఒక ప్రతి పెట్టాలని నేనూ రాజమండ్రిలో పాతపుస్తకాల కొట్లన్నీ గాలించాను. దొరకలేదు.

పోయిన వారం రాజమండ్రి నుంచి మేనత్త ఫోన్ చేసింది. "ఇంటికి రంగులేయిస్తున్నాంరా. అమ్మ నా దగ్గర ఉంచిన ట్రంకుపెట్టె అటక మీంచి దింపాం. చీరల అడుగున ఏదో పుస్తకం ఉంది, వచ్చి చూడు."

వెళ్లాను. నల్ల అంచు. లోపలి అట్ట మీద నాన్నగారి సంతకం. ఒక్క పేజీ చిరగలేదు. అటక నిచ్చెన మెట్టు మీదే కూర్చున్నాను. చింపని పుస్తకాన్ని చింపానని ఎందుకు చెప్పినట్టు?

పేజీలు తిప్పితే తెలిసింది. చితి మంటల ఫోటో మీద ఇంకు పెన్నుతో ఇంతింత లావు అక్షరాలు: "మా బడికి సెలవులిచ్చారు! భలే భలే! మళ్లీ ఎవరైనా చస్తే బాగుణ్ణు." కింద నా పేరు, మూడో తరగతి, బి సెక్షను.

ఎంత తన్నుకున్నా రాసినట్టు గుర్తు రాలేదు. కానీ ఆ వంకర అక్షరాలు నావే. నాన్నగారు చూసుంటే ఆ రోజు నా వీపు విమానం మోత మోగేది.

బస్సులో ధవళేశ్వరం వచ్చేదాకా పుస్తకం సంచిలోంచి తీయలేదు. దాచేద్దామనే అనుకున్నాను, అబద్ధమెందుకు. కానీ మామ్మని ఇంకా ఎన్నాళ్లు నవ్వులపాలు చెయ్యను? ఇంటికి రాగానే ఆ పేజీ తెరిచి నాన్నగారి ఒళ్లో పెట్టాను. కళ్లద్దాలు సర్దుకుని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివారు. తలెత్తి అడిగారు.

"మా అమ్మకి చదువు రాదు కదరా. ఇది ఇంత పాడు మాటని ఆవిడకెలా తెలిసింది?"

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు వంటింటి గుమ్మంలో మామ్మ బియ్యం చెరుగుతోంది. పుస్తకం పట్టుకుని పరిగెత్తాను. "ఏం రాశావురా, చదువు," అంది మురిపెంగా. గట్టిగా, గొప్పగా చదివాను. చేట ఆగిపోయింది. తవుడంటిన చేత్తో గభాలున నా నోరు మూసింది.

"నేనే చదివి వినిపించానండి," అన్నాను.

నాన్నగారు పుస్తకం మూయలేదు. "వీధిలో తిట్టానురా. అమ్మ ఒక్క మాట ఎదురు చెప్పలేదు," అన్నారు. కళ్లద్దాలు తీసేసి, "ఆవిడ చూస్తుండగానే కరెంటు బిల్లు ఎత్తున పెట్టేవాణ్ణిరా," అన్నారు.