తోలు పట్టా మెలి

పంతులుగారూ, నేను చెప్పింది చెప్పినట్టే రాయండి. మెత్తబెట్టకండి. వాళ్ళ మీద నాకు కోపం ఇంకా పోలేదు. పోవాలని కూడా లేదు.

మాది రామచంద్రపురం. ఊరి చివర కాలవ గట్టున ఒక షావుకారుగారి ఇనప కార్ఖానా ఉండేది. పడవలకి లంగర్లూ, గొలుసులూ, బళ్ళ చక్రాలకి ఇనప పట్టీలూ అక్కడ చేసేవారు. మా ఆయన అక్కడ కమ్మరి. కొలిమి ముందు ఆయన, తిత్తి దగ్గర నేను. పద్దెనిమిదేళ్ళు తిత్తి లాగాను. నా కుడి భుజం ఇప్పటికీ ఎడమ భుజం కంటే లావు. ఆయన జ్వరంతో పోయాక కూడా నన్ను పొమ్మనలేదు. జాలి పడి కాదు. అలా తిత్తి లాగే మనిషి వాళ్ళకి దొరకలేదు.

తరవాత షావుకారుగారు ఆవిరి ఇంజను కొన్నారు. దానితో పాటు గాలి డబ్బా ఒకటి వచ్చింది. గుండ్రటి ఇనప డబ్బా, లోపల రెక్కల చక్రం. ఇంజను తిరిగితే పైన దూలం కింద ఇనప కడ్డీ తిరుగుతుంది. ఆ కడ్డీ మీది చక్రానికీ, కింద గాలి డబ్బా చక్రానికీ కలిపి పొడుగాటి తోలు పట్టా. రెక్కలు తిరిగితే గొట్టంలోంచి కొలిమికి గాలి. ఇంకేం, నా తిత్తి అటకెక్కింది. నాకు బొగ్గు జల్లించే పనీ, బూడిద ఎత్తే పనీ ఇచ్చి, వెనకాల పాకలో ఉండనిచ్చారు. ఆ పాక తప్ప నాకు తల దాచుకునే చోటు లేదు. పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు. మా మరిది అదే కార్ఖానాలో సమ్మెట కొట్టేవాడు గానీ, వాడి పెళ్ళాం నన్ను గుమ్మం తొక్కనిచ్చేది కాదు.

ఇంజను బిగించిన మేస్త్రి నాలుగు నెలలుండి వెళ్ళిపోయాడు. దసరాకి వారం ముందు కొత్త మేస్త్రి వచ్చాడు. అంతకు ముందు పొగ పడవలో బొయిలరు కింద నిప్పు చూసేవాడట. నిప్పూ ఆవిరీ తెలుసు. మిగిలిందంతా నోరే. వచ్చిన రోజునే పైకి చూసి, "ముందువాడికి పట్టా వెయ్యడం కూడా రాదు. మెలి పడితే అలాగే వదిలేశాడు" అన్నాడు. విన్నాను. బూడిద ఎత్తుకుంటూ పోయాను. నన్ను ఎవరడిగారు?

మహర్నవమి నాడు పనిముట్లకి పూజ. ఇంజనుని కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టారు. షావుకారుగారి ఇంటావిడ స్వయంగా కలశం పట్టుకొచ్చారు. వాళ్ళు నీచు ముట్టని ఇల్లు. కలశం దగ్గర చచ్చిన పశువు తోలు ఉండకూడదన్నారు. మేస్త్రి పట్టా ఊడదీసి బయట బొగ్గు కుప్ప పక్కన పడేశాడు. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను.

"నువ్వెందుకే ఇక్కడ? పూజ వేళ నీ మొహం చూడాలా?" అన్నాడు. "పో, ఆ పట్టా దగ్గర కూచో. కుక్కలు ఈడ్చుకుపోకుండా చూడు."

అలా తోలునీ నన్నూ ఒక్కచోటే పెట్టారు. లోపల గంట కొడుతున్నారు. నేను పట్టాకి కాపలా.

దశమి వెళ్ళాక పొద్దున్నే మేస్త్రి పట్టా ఎక్కించాడు. మా మరిది నిచ్చెన పట్టుకున్నాడు. ఇంజను రాజాలా తిరిగింది. కడ్డీ తిరిగింది, పట్టా తిరిగింది, డబ్బా గుయ్యిమంది. కొలిమిలో మాత్రం గాలి లేదు. ఉందంటే ఉంది, ముసలాడి ఊపిరి లాగ. ఇనుము ఎర్రబడుతుంది, అంతకు మించి పోదు. గొలుసు కడియం అతకాలంటే ఇనుము తెల్లగా కాగి చుక్కలు రాలాలి. ఇసక చల్లి సమ్మెట వేస్తే అతుకు పట్టడం మానేసి రెండు ముక్కలూ ఎడంగా పోతున్నాయి. కాలవలో ఒక పడవవాడు లంగరు గొలుసు కోసం కూచుని, రోజుకి మూడుసార్లు వచ్చి మా వంశాలన్నీ తిట్టి పోయేవాడు.

మేస్త్రి ముందు ఆవిరి తక్కువన్నాడు. కట్టెలు తోసి తోసి బొయిలరు ఈల వేసేదాకా తెచ్చాడు. ఇంజను ఇంకా జోరుగా తిరిగింది, కొలిమి అలాగే ఉంది. మర్నాడు బొగ్గు తడిసిందన్నాడు. బొగ్గు జల్లించేదాన్ని నేను, నాకు తెలీదా? కుప్ప మార్పించాడు. మూడోనాడు గొట్టం విప్పి ఊచతో పొడిచాడు. చారెడు మసి రాలింది. అదే కారణమని అందరికీ చూపించాడు. తిరిగి బిగిస్తే ఏమీ లేదు.

నాలుగోనాడు కారణం నేనయ్యాను.

"ఇంజను బాగానే ఉందండి," అన్నాడు షావుకారుగారితో. "పూజయ్యాక మొదటిసారి తిప్పబోతుంటే ఈ ముండమోపి బూడిద తట్టతో ఎదురొచ్చిందండి. ఇంకేం అంటుకుంటుంది?"

షావుకారుగారు నా వైపు చూడలేదు. "ఎల్లుండికి పాక ఖాళీ చేసెయ్" అన్నారు, బొగ్గు కుప్పతో చెప్పినట్టు. మా మరిది పక్కనే ఉన్నాడు. సమ్మెట కర్ర చూసుకుంటున్నాడు.

నేను ఏడవలేదు. మధ్యాన్నం అందరూ అన్నాలకి వెళ్ళేదాకా ఆగాను. ఇంజను ఆపేసి ఉంది. గాలి డబ్బా పక్క కన్నంలో చెయ్యి పెట్టాను. రెక్కలు చదునుగా లేవు, చేటలాగ ఒక పక్కకి వంపు తిరిగి ఉన్నాయి. పట్టా పట్టుకుని చేత్తో లాగి చూశాను, ఇంజను తిప్పే వైపుకే. రెక్కలు వంపు పక్కతో కాదు, వీపులతో తిరిగాయి. చేట బోర్లించి తూర్పారబడితే గాలి వస్తుందా?

అప్పుడు పైకి చూశాను. నాలుగు నెలలు ఆ పట్టా కింద నుంచి వంగి పోయినదాన్ని. నడిమిన అది కత్తెరలా అడ్డంగా దాటేది, దాటే చోట తోలూ తోలూ రాసుకుని టప్ టప్ మనేది. ఆ చప్పుడు నాలుగు రోజులుగా లేదు. పట్టా నిటారుగా ఉంది. మేస్త్రి మెలి తీసేశాడు. మెలి ఉంటే కింది చక్రం పైదానికి ఎదురు తిరుగుతుంది, లేకపోతే దానితో పాటే తిరుగుతుంది.

అన్నాలు తిని వచ్చారు. షావుకారుగారూ వచ్చారు. అందరి ముందే అన్నాను.

"షావుకారుగారండీ, గాలి చక్రం వెనక్కి తిరుగుతోంది. పట్టాకి మెలి ఉండాలండి."

మేస్త్రి నవ్వాడు. "బూడిద ఎత్తేదానికి ఇంజను తెలుసంటండి."

"ఇంజను నాకు తెలీదండి మేస్త్రిగారూ. గాలి తెలుసు. మీరు పడవలో నిప్పు ముందు కూచున్నన్నాళ్ళూ నేను గాలి కొట్టాను. ముందాయన మెలి వేసింది చేతకాక కాదు. మీరు తీసింది తెలిసీ కాదు."

"నోరు ముయ్యవే."

"పాక పోయాక నోరెందుకు ముయ్యాలండి?"

షావుకారుగారు మా మరిది వైపు తిరిగారు. "నిచ్చెన పట్టుకున్నది నువ్వే కదా. ఏంటి సంగతి?"

వాడు సమ్మెట కింద పెట్టాడు. "వదిన చెప్పింది నిజమేనండి. ముందు మెలేసే ఉండేదండి."

"మరి నాలుగు రోజులూ?"

"మేస్త్రిగారు వాగొద్దన్నారండి."

వాడి మాట విని నాకు మేస్త్రి మీద కోపం సగమైంది. ఆ సగం వాడి మీదకి పోయింది. నన్ను రోడ్డు మీదకి నెడుతుంటే కూడా వాగని మనిషి వాడు.

పట్టా విప్పి, మెలి వేసి ఎక్కించారు. ఇంజను తిప్పారు. టప్ టప్ మంది. గొట్టం ఒక్కసారిగా ఊదింది, బొగ్గు రవ్వలు చూరు దాకా లేచాయి. ఇనుము తెల్లబడి చుక్కలు రాల్చింది. ఇసక, సమ్మెట, అతుకు. కడియం కాలవ నీళ్ళలో ముంచితే చుయ్యిమంది. పడవవాడు ఆ పూట ఎవర్నీ తిట్టలేదు.

"సరే, పాకలో ఉండు" అన్నారు షావుకారుగారు, వెళ్ళిపోతూ.

"ఉంటానండి. నా ఎదురు వల్ల కాదని మేస్త్రిగారు ఇక్కడే చెప్పాలండి. లేకపోతే వచ్చే ఏడు మళ్ళీ నేనే కారణం."

షావుకారుగారు మేస్త్రిని చూశారు. పక్కన గొలుసు ఇంకా సగమే అయింది, తగువు పెంచుకునే తీరిక ఆయనకి లేదు.

"దాని వల్ల కాదు," అన్నాడు మేస్త్రి, ఇంజనుతో. "పట్టా వల్ల."

ఎవరు వేసిన పట్టా అని నేను అడగలేదు. అడగాల్సింది.

ఆ తరవాత తొమ్మిది దసరాలు అక్కడే ఉన్నాను. మేస్త్రీ ఉన్నాడు. మేమిద్దరం మాట్లాడుకోలేదు. ప్రతి నవమికీ నన్నూ తోలునీ బొగ్గు కుప్ప దగ్గర పెట్టేవారు, అది మారలేదు. కానీ పూజయ్యాక పట్టా ఎక్కించే వేళకి ఆయన నిచ్చెన మీదే నిలబడిపోయేవాడు, దిగేవాడు కాదు. గోడవైపు తిరిగి ఆగేవాడు. నేను లోపలికొచ్చి, కింద నుంచి చూసి, "ఊ" అనేదాన్ని. అప్పుడు దిగి ఇంజను తిప్పేవాడు.