అండాలు అడిగిన మాట

కొల్లాపూర్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంటచేసే అండాలు, కంచం కంటే ముందు పిల్ల మొఖం చూసి వడ్డిస్తుంది. ఇంటర్ చదివే వర్షిత వారం రోజులుగా రెండు ముద్దలు మించి తినడం లేదు. ఆ పొద్దున తన పట్టీలు, రంగు పెన్నులు దోస్తులకు పంచిపెడుతుంటే పిల్లలంతా మురిసిపోయారు. అండాలుకు మాత్రం, తిండి మానిన పిల్ల ఇష్టమైన వస్తువులన్నీ ఎందుకు పంచేస్తోందని అనుమానం వచ్చింది. వర్షితను పక్కకు తీసుకుపోయి, చెయ్యి పట్టుకుని, "బిడ్డా, సచ్చిపోవాలనిపిస్తాందా?" అని సూటిగా అడిగింది. వర్షిత బావురుమంది. "చదువు తలకెక్కుతలేదు పెద్దమ్మా. బాపుకు నేను బరువైపోయిన."

"గింత బాధ ఒక్కదానివే మోసినవా? నడువు, మేడమ్‌కు చెప్దాం. నేను నీ పక్కనే ఉంట." వార్డెన్ మేడమ్ వర్షిత తండ్రిని పిలిపించింది. ముగ్గురూ కలిసి పిల్లను దవాఖానలో చూపించారు. రెండు నెలల వైద్యం తర్వాత మొన్న వర్షిత కంచంతో వంటింట్లోకే వచ్చింది. "పచ్చిపులుసు గింత సప్పగ చేసినవేంది పెద్దమ్మా?" అని కయ్యానికి దిగింది. అండాలుకు ఆ తిట్టు ఎంతో కమ్మగా వినిపించింది.