టైరు కొట్టనిదే ఎక్కడు

కుర్చీకి టైర్లుండవని ఆయనకు తెలియక కాదు. అయినా ఎక్కేముందు ఇనపరాడ్డుతో దాని చుట్టూ తిరిగి, నాలుగు కాళ్లనీ ఠంగుఠంగుమని కొట్టేవాడు.

మా రాజాం ఆఫీసులో మిలటరీ లారీ డ్రైవర్ల శిక్షణకు సిమ్యులేటర్ తయారుచేస్తున్నాం. ఒక సీటు, స్టీరింగు, ఎదురుగా తెరల మీద కొండదారి. అది నిజం లారీలా నడుస్తోందో లేదో చెప్పడానికి సాలూరు నుంచి ఈ మాజీ మిలటరీ డ్రైవరు వచ్చేవాడు. నేను మావా అనేవాణ్ణి.

మేం నవ్వితే, "నవ్వండ్రా. టైరు కొట్టకుండా బండెక్కినోడు తిరిగొస్తాడని ఏటి నమ్మకం?" అనేవాడు. తెర మీద కూడా మొదట జవాను నేలమీదే నిలబడాలనీ, టైర్లు చూశాకే సీటెక్కాలనీ పట్టుబట్టాడు.

"టైమ్ వేస్ట్. సంతకం పెట్టు," అంటూ మా యజమాని అంతా బాగుందన్న కాగితాన్ని ముందుకు తోశాడు. మర్నాడే ఆర్మీవాళ్లు చూడటానికొస్తున్నారు.

"సంతకం ఎట్టను బాబూ. నా సంతకం నమ్ముకుని కుర్రోళ్లు లోయలో పడతారు. నువ్వే ఎట్టుకో." రాడ్డు భుజాన వేసుకుని సాలూరు బస్సెక్కేశాడు. మళ్లీ రాలేదు.

మర్నాడు అధికారుల ముందు ఆ సీట్లో యజమానే కూర్చున్నాడు. మొదటి మలుపులోనే లారీ లోయలో పడింది.

"ఏమైంది?" అని నామీద అరిచాడు.

"వెనక టైర్లో గాలి లేదండీ. నిన్న సాయంత్రం ప్రోగ్రాంలో నేనే తీసేశాను. ఎక్కేముందు చూసుకోవడం మీరే వద్దన్నారు."