నగరవాసానికి అనుకూలంగా

నేను రాసినదేదీ అచ్చు కాలేదు. పత్రికలకు పంపిన కవితలు తిరుగు టపాలో వచ్చాయి, కథలు ఆ మాత్రం కూడా రాలేదు. అయినా నేను రాసింది ఒకటి జనంలోకి వెళ్ళింది. ఐదు నిమిషాల ఉపన్యాసం. మణుగూరుకూ భద్రాచలానికీ మధ్య అడవి గూడేల్లో, బీడీలు చుట్టే తునికాకు ఆరబెట్టే కల్లాల దగ్గర, జనం నేల మీద కూర్చుని దాన్ని విన్నారు. విని నమ్మారు. రాసేవాళ్ళకు అంతకన్నా ఏం కావాలి అంటారు కొందరు. నాకు మాత్రం ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది.

రెండు వేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళకు జరిగిన సంగతి. నేనక్కడ ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో తెలుగు టీచర్ని. మాది సత్తుపల్లి వైపు. మా తాతలు కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కుని స్థిరపడ్డారు. పొలాల మధ్య పెరిగిన నాకు అడవి అంటే భయం. వానాకాలం జ్వరాలు, పోయిన కరెంటు మూడు రోజులకు గానీ రాకపోవడం, పొద్దుగూకితే రోడ్డు మీద నడిచేది ఎవరో చూడకుండా తలుపులు వేసుకోవడం. మా ఆయనకు హైదరాబాదులో ఉద్యోగం. ఏటా బదిలీకి కాగితం పెట్టేదాన్ని, ఏటా అది ఏ బల్ల సొరుగులోనో ఉండిపోయేది.

ఆ ఏడు చలికాలం బడుల మధ్య వక్తృత్వ పోటీ పెట్టారు. విషయం నగర జీవితం, లాభనష్టాలు. మా పిల్లల్లో నగరం చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. అయితే ఏం, ఉపన్యాసాలు రాసేది టీచర్లే కదా, పిల్లలు బట్టీపట్టి అప్పజెప్పడమే. అందులో తప్పుందని మాకెవరికీ తోచలేదు. చీటీలు వేశాం. నష్టాలు పదో తరగతి పిల్లకు వచ్చాయి, లాభాలు తొమ్మిదో తరగతి పిల్లకు.

నష్టాలు పావుగంటలో గీకి పడేశాను. పొగ, దుమ్ము, రణగొణధ్వని, దోమలు. ఏటా మలేరియాతో మూలిగే పిల్ల చేత నగరంలో దోమలెక్కువ అని చెప్పించడం ఎంత వెటకారమో కూడా గమనించలేదు. లాభాలు మాత్రం రెండు సాయంత్రాలు కూర్చుని రాశాను. బదిలీ రాని కసంతా అందులో పోశాను.

"నగరంలో నువ్వెవరు, ఏ ఊరు, ఎవరి బిడ్డవు అని ఎవరూ అడగరు. అక్కడ దీపం ఆరదు. నీళ్ళ కోసం వాగుకు నడవనక్కర్లేదు, కుళాయి తిప్పితే చాలు. జ్వరమొస్తే మంచం మీద మోసుకుపోనక్కర్లేదు, వీధి చివరే వైద్యుడు ఉంటాడు. కష్టపడే చేతులకు అక్కడ పని ఎప్పుడూ ఉంటుంది." ఇలా సాగుతుంది. చదువుకుంటే నాకే కళ్ళు చెమర్చాయి.

ఆ తొమ్మిదో తరగతి పిల్లకు ఇంట్లో కోయ మాట, బళ్ళో తెలుగు. లెక్కల్లో సున్నా, కానీ రెండుసార్లు వింటే ఏదైనా నోటికి వచ్చేసేది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ చెయ్యి ఎత్తాలో నేర్పాను. వైద్యుడి మాట దగ్గర గొంతు తగ్గించమన్నాను. తగ్గించడం కాదు, అక్కడ ఆమె గొంతు నిజంగానే పూడుకుపోయేది. ఎంత బాగా పట్టుకుందో అని మురిసిపోయాను. ఆమె తమ్ముణ్ణి జ్వరంతో అలాగే మంచం మీద మోసుకుపోతుంటే దారిలోనే పోయాడని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

భద్రాచలంలో జరిగిన పోటీలో ఆమెకు మొదటి బహుమతి వచ్చింది. బయట వేపచెట్టు కింద మేం అరటిపళ్ళు తింటుంటే ఒక మనిషి నా దగ్గరికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో తోలు సంచీ. "ఇది రాసింది మీరే గదా మేడం. కన్నీళ్ళొచ్చినయ్ నాకు," అన్నాడు. హైదరాబాదులో ఒక కంపెనీకి పనిచేస్తాడట, పేదపిల్లలకు పని, హాస్టలు, సాయంత్రం చదువు ఇప్పిస్తాడట. నా రాతను మెచ్చుకున్న మొదటి మనిషి అతనే. పిల్లది ఏ గూడెం అని అడిగితే గూడెం పేరు, వాగు గుర్తు, వాళ్ళ నాన్న పేరు అన్నీ వరసగా చెప్పాను. అడిగినవాడు ఎందుకడిగాడో ఆలోచించలేదు.

వేసవి సెలవులకు హైదరాబాదు పోయాను. మూడో అంతస్తులో కిరాయి గది. ఫ్యాను ఆగకుండా తిరుగుతుంటే ప్రాణం లేచొచ్చింది. నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి, అయినా కుళాయిలోంచే కదా అని సరిపెట్టుకున్నాను. వంటింటి కిటికీలోంచి ఎదుటి బాల్కనీ కనిపించేది. అక్కడొక పన్నెండేళ్ళ పిల్ల పొద్దున్నుంచీ అంట్లు తోమేది, బట్టలు ఉతికేది. ఇంటివాళ్ళు బయటికి పోయేటప్పుడు ఆ పిల్లను లోపల పెట్టి తాళం వేసుకునేవారు. ఒకసారి నావంక చూస్తే, ఏ ఊరమ్మా అని నోటిదాకా వచ్చింది. పట్నంలో అలా అడిగితే బాగుండదని మా ఆయన అన్నాడు, నేనూ ఊరుకున్నాను. నేను రాసిన లాభాల్లో మొట్టమొదటిది అదేనని అప్పుడు గుర్తు కూడా రాలేదు.

జూన్‌లో బడి తెరిచారు. మొదటి వారం పిల్లలు పలచగా రావడం మామూలే, విత్తనాల రోజులు. రెండో వారం కూడా ఆరు పేర్లు పిలిస్తే పలికేవాళ్ళు లేరు. అందులో నా ఉపన్యాసం పిల్ల ఒకటి. వంటామెను అడిగాను. ఆమెది ఆ పక్క గూడెమే.

ఆమె గరిటె పక్కన పెట్టి నావంక వింతగా చూసింది. "మీకు తెల్వదా టీచర్? మీరే పంపిన్రని అనుకుంటున్నరు గదా అందరు."

"నేనా? ఎక్కడికి?"

"పట్నం. ఎండకాలంల జీపేసుకొని ఒకాయన వచ్చిండు. ఆకు కల్లం కాడ అందరు జమైనప్పుడు మన పిల్లను మంచం మీద నిలబెట్టి చెప్పిచ్చిండు. దీపం ఆరదంట, నల్లా తిప్పితే నీళ్ళంట. ఆ డాక్టరు మాట కాడ ఆడోళ్ళంత ఏడ్చిన్రు. ఐదు గూడేలు తిప్పిండు. టీచరమ్మ రాసిచ్చింది, అబద్ధమైతే రాస్తదా అన్నడు."

ఐదుగురు పిల్లలు మే నెలలోనే వెళ్ళిపోయారట. నెలకోసారి ఫోన్ చేయిస్తానని నంబరు ఇచ్చి పోయాడట. ఒక పిల్ల తండ్రి మణుగూరు పోయి బూతులోంచి చేస్తే ఆ నంబరే లేదని వచ్చింది. ఇంకో రెండు గూడేలు తిప్పే పని ఉందని ఉపన్యాసం పిల్లను మాత్రం ఆపుకున్నాడు. వచ్చే సోమవారం సంత నాడు జీపు మళ్ళీ వస్తుంది. ఈసారి ఆమె వంతు.

శనివారం మధ్యాహ్నం బడి విడిచిపెట్టగానే ఆటోలో కొంత దూరం పోయి, వాగు దాటి, గూడేనికి నడిచాను. వాన ఇంకా పడలేదు గానీ మబ్బు కమ్ముకుని అడవంతా ఉక్కగా ఉంది. దారిలో ఎదురైన ఇద్దరు ఆడవాళ్ళు నన్ను చూసి దండం పెట్టారు. ఎప్పుడూ పెట్టేదే, కానీ ఆ రోజు నాకు వాళ్ళ మొహం చూడబుద్ధి కాలేదు.

పిల్ల తండ్రి మంచం వాల్చి నీళ్ళిచ్చాడు. గుంజకు బట్టల సంచీ వేలాడుతోంది, సిద్ధంగా. పిల్ల తలుపు దగ్గర నిలబడింది.

"పిల్లను పంపకు," అన్నాను. "ఆ మనిషి ఎవరో నాకు తెలీదు."

"నీకు తెల్సన్నడు గదమ్మా. నువ్వు రాసిచ్చినవనే చెప్పిండు."

"రాసింది నేనే. కానీ అది పోటీ కోసం రాసింది."

"పోటీ కోసమంటే?"

చెప్పాను. ఒకరు మంచిదని చెప్పాలి, ఒకరు చెడ్డదని చెప్పాలి, ఎవరు బాగా చెబితే వాళ్ళకు బహుమతి. చెబుతుంటేనే ఆ మాటలు నా చెవులకే పిచ్చిగా వినిపించాయి.

ఆయన అడిగాడు. "చెడ్డదని గూడ నువ్వే రాసినవా?"

"అవును."

"మరి ఏది నిజం?"

రెండూ నిజమే అనబోయాను. క్లాసులో అలాగే చెప్పేదాన్ని, చివర్లో మంచి ముగింపుగా ఉంటుందని. ఆయన నా జవాబు కోసం నిజంగా కాచుకుని ఉన్నాడు. దాని మీద బిడ్డను జీపెక్కించడమో మానడమో ఆధారపడి ఉంది.

పిల్ల తలుపు దగ్గరనుంచే అడిగింది. "వీధి చివర డాక్టరు ఉంటడని రాసిన్రు గద టీచర్. అది గూడ పోటీకేనా?"

"డాక్టరు ఉంటాడు," అన్నాను. "నీకు జ్వరమొస్తే నిన్ను ఆయన దగ్గరికి ఎవరు తీసుకుపోతారో నాకు తెలీదు. నేను చూసి రాయలేదు. నాకు అక్కడికి పోవాలని ఉండి రాశాను."

నా సర్వీసులో పిల్లలకు చెప్పిన నిజాల్లో అంత కష్టమైంది ఇంకోటి లేదు. సిగ్గుతో చచ్చిపోయాను. తండ్రి లేచి, గుంజకున్న సంచీ తీసి లోపల పెట్టాడు. కోపగించుకోలేదు. మళ్ళీ వచ్చి కూర్చుని, "ఆ ఐదిండ్లకు గూడ పోయి చెప్పు టీచరమ్మా," అన్నాడు. "నేను చెప్తే నమ్మరు. రాసింది నువ్వు."

తర్వాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను. పోలీసు స్టేషన్లో కాగితం రాసిచ్చాను. సోమవారం జీపు రాలేదు, ఆ మనిషీ మళ్ళీ కనబడలేదు. ఏడాది లోపల ముగ్గురు పిల్లలు తిరిగొచ్చారు, ఎక్కడెక్కడ ఉన్నారో పూర్తిగా ఎవరికీ చెప్పలేదు. నాలుగో పిల్లను పై ఏడు ఆమె అన్న వెతికి తెచ్చుకున్నాడు. ఐదో పిల్ల రానేలేదు. ఆ శనివారం మేం మొదట పోయింది ఆ పిల్ల ఇంటికే.

దారి చూపించడానికి నా విద్యార్థిని ముందు నడిచింది. ఆ ఇంటి వాకిట్లో తల్లి ఇప్పకాయలు కొట్టి పలుకులు తీస్తోంది. మా పిల్లను చూసి ఆమె మొహం విప్పారింది. కోయలో ఏదో పలకరిస్తూ, నన్ను చూసి తెలుగులోకి మారింది.

"వచ్చినవా బిడ్డా. కూసో. మళ్ళొక్కసారి చెప్పవే ఆ పట్నం ముచ్చట. నా బిడ్డ ఎట్లున్నదో ఇన్నట్టయితది."

మా పిల్ల నావంక చూసింది.

"నాకు యాది లేదు పెద్దమ్మా," అంది.

ఏదీ మరిచిపోయే పిల్ల కాదు ఆమె. తల్లి నవ్వి నావైపు తిరిగింది. "నువ్వే రాసినవంట గదా టీచరమ్మా. నువ్వు చెప్పు."

అంతా అబద్ధమని చెప్పడానికే పోయాను. గంట క్రితం ఒక ఇంట్లో చెప్పి వచ్చాను కూడా. కానీ ఆమె చేతిలోని రాయి కింద పెట్టి, చెంగుతో చేతులు తుడుచుకుని, నా ఎదురుగా వచ్చి కూర్చుంది. నేను చెప్పాను. మొదటినుంచి చివరిదాకా, ఆగవలసిన చోట ఆగుతూ, ఆ ఉపన్యాసమే చెప్పాను. ఆమె ప్రతి మాటకూ తల ఊపింది. ఆపలేకపోయాను, ఆపితే ఆమె మొహం ఏమవుతుందో చూసే ధైర్యం నాకు లేదు.

బయటికొచ్చాక మా పిల్ల నాతో మాట్లాడలేదు. కొంత దూరం నడిచి, ఆగి, వెనక్కి తిరిగింది. "మీరు ఈడనే ఉండున్రి టీచర్," అని నన్ను దారిలో నిలబెట్టి, ఒక్కతే ఆ ఇంటికి మళ్ళీ పోయింది. ఆ తల్లి ముందు గొంతుక్కూర్చుని తన భాషలో ఏదో చెప్పడం మొదలుపెట్టింది. చెయ్యి ఎత్తలేదు, గొంతు పెంచలేదు, తగ్గించలేదు. మూడేళ్ళు ఆ గూడేల పిల్లలకు పాఠం చెప్పీ నేను ఆ భాష ఒక్క ముక్క నేర్చుకోలేదు. ఏం చెప్పిందో నాకు తెలీదు. తల్లి ఏడుపు మాత్రం నేను నిలబడిన దగ్గరికి వినిపించింది.